లూబియా బి జైత్: బీన్స్‌ను గంటసేపు ఎందుకు మగ్గించాలి?

లెబనాన్ ఇళ్లలో వేసవి పొడవునా కనిపించే కూర లూబియా బి జైత్. పచ్చి బీన్స్‌ను ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటాలతో కలిపి ఆలివ్ నూనెలో సన్నని సెగ మీద మగ్గబెడతారు. అంతకు మించి హంగులేమీ ఉండవు. అయినా దీన్ని ఇంట్లో వండాలనుకునేవారికి దొరికే సూచనలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకచోట ఇరవై నిమిషాలు చాలంటారు, మరోచోట గంటకు పైనే పడుతుందంటారు. ఒకరు వేడివేడిగా అన్నంతో తినమంటారు, ఇంకొకరు పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలంటారు. నూనె కొలత రెండు చెంచాల నుంచి అరకప్పు దాకా మారిపోతుంది. కాయ పచ్చగా ఉండాలా, రంగు మారాలా అన్నదానిపైనా ఏకాభిప్రాయం కనిపించదు.

సంక్షిప్తంగా: ఈ గందరగోళానికి ఎక్కువగా రెండు కారణాలున్నాయి. ఒకే బీన్స్‌తో లెబనాన్‌లో రెండు వేర్వేరు కూరలు చేస్తారు, వాటిని ఒకటిగా చూడటం మొదటిది. కూరగాయ కరకరలాడాలన్న ఇటీవలి హోటల్ పద్ధతిని దీనికీ అన్వయించడం రెండోది. లూబియా బి జైత్‌లో నూనె కేవలం వేయించడానికి వాడేది కాదు, కూరలోని గుజ్జుకు అదే ఆధారం. కాయ నూనెలో ముందు మగ్గి, పులుపు తర్వాత పడాలి. కూర నిలవాలి, చల్లారాలి.

నూనె కూర, మాంసం కూర

లెబనాన్ వంటలో ‘బి జైత్’, అంటే ‘నూనెతో’, అని పిలిచే కూరలది ఒక ప్రత్యేక వర్గం. ఆలివ్ నూనెతో వండి, చల్లారాక లేదా గోరువెచ్చగా తినేవన్నీ ఇందులోకి వస్తాయి. మాంసం, నెయ్యి, పాలు వీటిలో ఉండవు. అక్కడి మారొనైట్, ఆర్థొడాక్స్ క్రైస్తవులు ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో వీటి మీదే ఆధారపడతారు. అందుకే వీటిని ‘సియామీ’, అంటే ఉపవాసపు వంటలు అని కూడా అంటారు. అయితే ఇవి ఒక మతానికి పరిమితం కాలేదు. ముస్లిం, ద్రూజ్ కుటుంబాల్లోనూ ఇవి రోజువారీ కూరలే. మాంసం ఖరీదైన వస్తువుగా ఉన్న కొండ గ్రామాల్లో వారంలో చాలా రోజులు కూరగాయలు, పప్పులు, నూనె, రొట్టెతోనే గడిచేవి.

రెండో కూర లూబియా బి లహ్మె. ఇందులో గొర్రె లేదా గొడ్డు మాంసం ముక్కలు వేస్తారు, పులుసు ఎక్కువగా ఉంటుంది, వేడిగా సేమ్యా కలిపిన అన్నంతో వడ్డిస్తారు. రెండింటిలోనూ బీన్స్, టమాటా, వెల్లుల్లి ఉన్నా తినే తీరు పూర్తిగా వేరు. తేడాకు మూలం కొవ్వులో ఉంది. మాంసపు కొవ్వు, నెయ్యి చల్లారితే పేరుకుంటాయి, నోటికి జిగటగా, మైనంలా తగులుతాయి. ఆలివ్ నూనెలో ఒలేయిక్ ఆమ్లం ప్రధానం, సాధారణంగా 55 నుంచి 83 శాతం దాకా ఉంటుంది. ఈ ఆమ్లం వల్ల నూనె మామూలు గది వాతావరణంలో ద్రవంగానే నిలుస్తుంది. కూర చల్లారినా గుజ్జు జారుగా ఉంటుంది. వేడిగా తినాలా, చల్లారాక తినాలా అన్న ప్రశ్నకు జవాబు ఏ కూర వండుతున్నామన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఈ నూనె కూరలు లెబనాన్‌కే పరిమితం కావు. ఒకప్పటి ఒట్టోమన్ పాలనలోని ప్రాంతాలన్నిటా ఇలాంటివి కనిపిస్తాయి. టర్కీలో బీన్స్‌ను ఇలాగే ఆలివ్ నూనెలో వండి, తరచూ చిటికెడు చక్కెర వేసి, చల్లగా తింటారు. గ్రీసులో ఫసోలాకియా అనే కూరలో బంగాళాదుంప ముక్కలు చేరుతాయి, కొత్తిమీరను పోలిన పార్స్‌లీ పడుతుంది. లెబనాన్ పద్ధతిలో బంగాళాదుంపకు చోటు లేదు. అక్కడ వెల్లుల్లిదే పైచేయి.

‘అనాదిగా వస్తున్న వంట’ అన్న మాటను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. బీన్స్, టమాటా రెండూ అమెరికా ఖండాల పంటలు, 1492 తర్వాతే సముద్రం దాటాయి. లెబనాన్, సిరియా ప్రాంతపు వంటల్లో టమాటా వాడకం విస్తరించింది 19వ శతాబ్దంలో. అంతకు ముందు ఆ నేలలో తెలిసిన కాయ మన అలసందల జాతిది. ఆలివ్ నూనె, ఉల్లి, వెల్లుల్లితో కూరగాయను మగ్గించే పద్ధతి పాతది, అందులో పడే కాయ కొత్తది.

ముక్క ఎప్పుడు మెత్తబడుతుంది

ఇంట్లో వండినప్పుడు ఎక్కువ మంది చెప్పే ఇబ్బంది ఒకటే: గంటసేపు ఉడికినా కాయ నారనారగా, గట్టిగా ఉండిపోయింది. లోపం సమయంలో కాదు, వరుసలో ఉంటుంది.

కూరగాయలో ఒక కణాన్ని పక్క కణంతో పట్టి ఉంచేది పెక్టిన్. వేడి సుమారు 80 డిగ్రీలు దాటాక ఈ పెక్టిన్ క్రమంగా విరిగి నీటిలో కలుస్తుంది, కణాలు ఒకదాన్నొకటి వదులుతాయి, ముక్క మెత్తబడుతుంది. ఈ విరగడం పులుపు తక్కువగా ఉన్నచోట చురుగ్గా సాగుతుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4, 4.5 దగ్గర బాగా నెమ్మదిస్తుంది. టమాటా పులుపు దాదాపు ఆ పరిధిలోనే ఉంటుంది. అంటే బీన్స్, టమాటా మొదటే కలిపి పొయ్యి మీద పెడితే, కాయ మెత్తబడటానికి అత్యంత ప్రతికూలమైన పరిస్థితిని చేజేతులా కల్పించినట్టే. చింతపండు రసం ముందే పోస్తే ముక్క ఉడకదని తెలుగు వంటింట్లో ఎవరైనా చెబుతారు. ఇక్కడ జరిగేదీ అదే.

అందుకే పాత పద్ధతిలో రెండు దశలున్నాయి. ముందు ఉల్లిపాయ మెత్తబడ్డాక బీన్స్ వేసి, ఉప్పు చల్లి, మూత పెట్టి నూనెలోనే మగ్గనిస్తారు. నీళ్లు పోయరు. కాయలోని తేమ బయటికి వచ్చి ఆ ఆవిరిలోనే అది ఉడుకుతుంది. పది పదిహేను నిమిషాల్లో కాయ వడలి, వంచితే విరగకుండా వంగుతుంది. టమాటా వేయాల్సింది అప్పుడే. తర్వాతి అరగంట, ముప్పావుగంటలో పులుపు కాయను మరీ చితికిపోకుండా ఆపుతుంది కూడా. మొదట అడ్డంకి అయ్యే గుణమే తర్వాత కాపలాగా మారుతుంది. ఇంతసేపు ఉడికినా కాయలు ముద్దకాకుండా ఆకారం నిలుపుకోవడానికి కారణం అదే.

నీటిలోని కాల్షియానికీ ఇందులో పాత్ర ఉంది. అది పెక్టిన్‌ను మరింత గట్టిగా బంధిస్తుంది. కఠినమైన బోరు నీళ్లు వాడే ఇళ్లలో బీన్స్ ముందుగా నీళ్లలో ఉడకబెట్టి తర్వాత కూరలో వేస్తే ఫలితం ఇంకా నిరాశగా ఉంటుంది. నీళ్లు పోయకుండా మగ్గించే పద్ధతిలో ఈ సమస్య చాలావరకు తప్పిపోతుంది.

సెగ విషయంలో ఇంకో చిక్కు ఉంది. 55 నుంచి 70 డిగ్రీల మధ్య కాయలోని ఒక ఎంజైము పెక్టిన్‌ను కాల్షియంతో బంధించడానికి అనువుగా మార్చేస్తుంది. ఆ వేడిలో చాలాసేపు ఉన్న కాయ తర్వాత ఎంత ఉడికించినా పూర్తిగా మెత్తబడదు. ‘సన్నని సెగ’ అన్నారని మరీ తగ్గించి, గిన్నె గోరువెచ్చగా ఉండేలా పెడితే జరిగేది ఇదే. మొదటి ఐదు నిమిషాలు మధ్యస్థంగా ఉన్న సెగ మీద కాయను బాగా వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే తగ్గించాలి. తగ్గించాక కూడా అంచుల్లో చిన్న బుడగలు కనిపిస్తూ ఉండాలి.

పచ్చదనం పోవడం సహజమే

కాయలోని పచ్చదనం క్లోరోఫిల్‌ది. దాని మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. వేడికి కణాలు విచ్చి వాటిలోని ఆమ్లాలు బయటపడినప్పుడు, మెగ్నీషియం తొలగి దాని చోట హైడ్రోజన్ చేరుతుంది. అప్పుడు రంగు గోధుమ ఛాయ కలిసిన పచ్చగా, ఆలివ్ కాయ రంగుకు మారుతుంది. టమాటా పులుపు దీన్ని వేగిరం చేస్తుంది. కాబట్టి లూబియా బి జైత్‌లో మెరిసే పచ్చరంగు ఉంటే అది సరిగా మగ్గలేదనే అర్థం.

చిటికెడు వంటసోడా వేస్తే రంగు నిలుస్తుందన్న చిట్కా నిజమే, కానీ దాని మూల్యం ఎక్కువ. సోడా పెక్టిన్‌ను వేగంగా కరిగిస్తుంది, కాయ పైన జిగురుగా మారుతుంది, కొన్ని బి, సి విటమిన్లు నశిస్తాయి, రుచిలో సబ్బు ఛాయ వస్తుంది. ఈ వంటకు సోడా అవసరం ఎక్కడా లేదు.

కరకరలాడే బీన్స్ మీద మోజు ఉన్నవారు ఆరోగ్యం కోణంలో ఇంకో విషయం గమనించాలి. పచ్చి బీన్స్‌లో లెక్టిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి, అవి కడుపులో తిప్పడం, వాంతులు తెస్తాయి. బాగా ఉడికితే నశిస్తాయి. ఎండు రాజ్మాతో పోలిస్తే పచ్చికాయలో ఇవి తక్కువే అయినా, సగం పచ్చిగా తినదగ్గ కాయ మాత్రం ఇది కాదు.

ఆలివ్ నూనెను వేడి చేయొచ్చా

ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెను పొయ్యి మీద పెట్టకూడదన్న అభిప్రాయం తెలుగు రాష్ట్రాల్లోనూ గట్టిగా ఉంది. ఈ కూర విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. ఆ నూనె పొగచూరే స్థాయి సుమారు 190 నుంచి 210 డిగ్రీలు. కూరలో కాయల తేమ, టమాటా రసం ఉన్నంతసేపు గిన్నెలోని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఉల్లిపాయ వేయించే తొలి నిమిషాల్లో కాస్త ఎక్కుతుంది, అప్పుడు కూడా ఉల్లిలోని నీరు అదుపు చేస్తుంది. డీప్ ఫ్రై గురించి చెప్పుకునే జాగ్రత్తలను మగ్గబెట్టే వంటకు తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

వేడికి పోయేది నూనె సువాసన. తాజా ఆలివ్ నూనెలోని పచ్చిగడ్డి వాసన చాలావరకు ఆవిరవుతుంది. దానికి బదులుగా కూరకు దక్కేది వేరే. టమాటాకు ఎర్రరంగునిచ్చే లైకోపీన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. సెగ మీద టమాటా కణాలు విచ్చినప్పుడు అది నూనెలోకి చేరుతుంది. అందుకే కూర అయ్యేసరికి పైన తేలే నూనె నారింజ ఎరుపులోకి తిరుగుతుంది. కొవ్వుతో కలిసి ఉడికిన టమాటా నుంచి లైకోపీన్‌ను శరీరం పచ్చి టమాటా కంటే మెరుగ్గా గ్రహిస్తుంది.

నూనె తగ్గిస్తే ఏమవుతుంది? కూర పాడవదు, కానీ వేరే కూర అవుతుంది. టమాటా రసం, కాయల్లోంచి వచ్చిన పెక్టిన్, నూనె కలిసి చిక్కటి గుజ్జుగా మారుతాయి, రొట్టెతో అద్దుకునేది దాన్నే. రెండు చెంచాల నూనెతో మిగిలేది పల్చటి టమాటా నీరు. కాలరీల లెక్కా దాచాల్సింది కాదు. 90 మిల్లీలీటర్ల నూనె అంటే సుమారు 740 కాలరీలు, నలుగురు పంచుకుంటే తలా 185. కూరలో ఉన్న శక్తిలో ఎక్కువ భాగం నూనెదే. ఉపవాసపు రోజుల్లో మాంసం, పాలు లేని భోజనం కడుపు నింపిందంటే కారణం అదే.

మన మార్కెట్లో ఏ కాయ

లెబనాన్‌లో ఈ కూరకు వెడల్పుగా, బల్లపరుపుగా ఉండే బీన్స్‌ను ఇష్టపడతారు. వాటికి కండ ఎక్కువ, నూనె, రసం బాగా పీలుస్తాయి. గల్ఫ్ దేశాల్లో ఉండే తెలుగువారికి అవి సూపర్ మార్కెట్లలో తేలిగ్గా దొరుకుతాయి. హైదరాబాద్, విజయవాడ రైతుబజార్లలో ఎక్కువగా వచ్చేది సన్నగా, గుండ్రంగా ఉండే రకం. దానితోనూ కూర చక్కగా వస్తుంది, మగ్గే సమయం పది నిమిషాలు తగ్గుతుంది.

ప్రత్యామ్నాయాల్లో మెరుగైనది పొడుగు అలసంద కాయ. చరిత్ర పరంగానూ అదే దగ్గరి చుట్టం, సన్నని సెగకు తట్టుకుంటుంది కూడా. చిక్కుడు కాయకు సొంత వాసన ఎక్కువ, వెల్లుల్లి, టమాటాల తీపిని అది మింగేస్తుంది. గోరుచిక్కుడును మాత్రం వాడకపోవడమే మంచిది. దానిలోని చేదు ఆలివ్ నూనెతో కలిసి రెట్టింపుగా తోస్తుంది.

ఏ రకమైనా కాయ లేతగా ఉండాలి. వంచితే టప్పున విరగాలి, లోపలి గింజ బయటికి ఉబ్బి కనిపించకూడదు. ముదిరిన కాయ ఈనెలు ఎంత మగ్గించినా కరగవు, ఎందుకంటే వాటిలో ఉన్నది పెక్టిన్ కాదు, చెక్కలో ఉండే లిగ్నిన్. రెండు కొనలూ తుంచి, పక్క ఈనె పూర్తిగా లాగేయాలి. కొయ్యడం రెండు మూడు అంగుళాల పొడవున. వేపుడుకు తరిగినట్టు సన్నగా తరిగితే ముద్దవుతుంది.

పొయ్యి దగ్గర

నలుగురికి అరకిలో బీన్స్, ఒక పెద్ద ఉల్లిపాయ, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, నాలుగైదు పండిన టమాటాలు, ఆరు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, ఒక చిన్న చెంచా ఉప్పు, అర చెంచా మిరియాల పొడి సరిపోతాయి. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె, దానికి బిగువైన మూత కావాలి. పూత లేని అల్యూమినియం గిన్నెలో టమాటాను ఇంతసేపు ఉంచడం మంచిది కాదు, పులుపుకు లోహం కూరలోకి దిగుతుంది.

నూనెలో నిలువుగా తరిగిన ఉల్లిపాయను అంచులు బంగారు రంగుకు వచ్చేదాకా వేయించాలి. వెల్లుల్లిని దంచకూడదు. రెబ్బ చితికినప్పుడే దానిలోని ఎంజైము పనిచేసి ఘాటు పుడుతుంది. రెబ్బను అలాగే వేడి చేస్తే ఆ ఎంజైము ముందే చచ్చిపోతుంది, గంట తర్వాత రెబ్బ వెన్నలా మెత్తగా, తియ్యగా ఉంటుంది. పెద్ద రెబ్బలైతే నిలువుగా రెండుగా చీల్చితే చాలు. తర్వాత బీన్స్, ఉప్పు వేసి మూత పెట్టాలి. మధ్యలో రెండు మూడుసార్లు గిన్నెను కుదపడమో, కింది నుంచి పైకి తిప్పడమో చేయాలి. మూత తీసిన ప్రతిసారీ దానికి పట్టిన నీటి చుక్కలను గిన్నెలోకే జారవిడవాలి, కూరకు కావాల్సిన తేమ అది.

కాయలు వడలి, పచ్చదనం మందగించాక తొక్క తీసిన టమాటా ముక్కలు, మిరియాల పొడి వేయాలి. మన హైబ్రిడ్ టమాటాలకు కండ తక్కువ, రసం నీరుగా ఉంటుంది. ఒక చెంచా టమాటా పేస్టు కలిపితే ఆ లోటు తీరుతుంది. లెబనాన్‌లో కొందరు ఆల్‌స్పైస్ (మిరియాలను పోలిన ఎండు కాయల మసాలా) లేదా ఏడు మసాలాల పొడి చిటికెడు వేస్తారు, కొందరు ఉప్పు, మిరియాలతోనే ఆపుతారు. జీలకర్ర, ధనియాలు, పసుపు వేస్తే మాత్రం వంట స్వభావమే మారిపోతుంది. మూత పెట్టి ముప్పై ఐదు నుంచి నలభై ఐదు నిమిషాలు సన్నని సెగ మీద ఉంచి, చివరి పది నిమిషాలు మూత తీసేయాలి. రసం చిక్కబడి, ఎర్రటి నూనె అంచుల్లో పైకి తేలితే అయినట్టే. కాయను గరిటె అంచుతో నొక్కితే ప్రతిఘటన లేకుండా తెగాలి.

ప్రెషర్ కుక్కర్ వాడొచ్చా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, ఒకటి రెండు విజిల్స్‌కే కాయ చితుకుతుంది. అంతకంటే ముఖ్యంగా, నీరు ఇంకదు. రసం చిక్కబడక నూనె ఒకచోట, నీరు ఒకచోట నిలుస్తాయి. గ్యాస్ ఆదా అవుతుంది, కూర మాత్రం రాదు.

చల్లారేటప్పుడు కూడా పని సాగుతూనే ఉంటుంది. ఉప్పు, పులుపు, రసం మెల్లగా కాయ లోపలికి ఇంకుతాయి, పెక్టిన్ వల్ల గుజ్జు ఇంకాస్త చిక్కబడుతుంది. కనీసం గంట ఆగాలి, మర్నాటికి ఇంకా బాగుంటుంది. అయితే గది వాతావరణం అన్న మాట బేరూత్‌లో ఒకటి, మే నెల ఖమ్మంలో మరొకటి. గది వేడి 32 డిగ్రీలు దాటితే వండిన కూరను గంట మించి బయట ఉంచకూడదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. చలికి నూనె మసకబారి గడ్డలు కడితే భయం లేదు, తినడానికి అరగంట ముందు బయట పెడితే కరుగుతుంది. మరీ చల్లగా తింటే తీపి నాలుకకు అందదు.

లెబనాన్‌లో దీన్ని పల్చటి అరబ్ రొట్టెతో అద్దుకుని తింటారు. పక్కన పచ్చి ఉల్లిపాయ, ముల్లంగి, పుదీనా, ఆలివ్ కాయలు ఉంటాయి. అక్కడ ఈ కూరకు జోడీ రొట్టే. మన దగ్గర పుల్కాతో బాగా కుదురుతుంది.

సంక్షోభం తర్వాత

2019 నుంచి లెబనాన్ ఆర్థికంగా కుప్పకూలింది. 1997 నుంచి డాలరుకు సుమారు 1,507 పౌండ్ల దగ్గర కట్టి ఉంచిన మారకం రేటు, 2023 ఫిబ్రవరిలో అధికారికంగానే 15,000కు, ఆ తర్వాత 89,500కు చేరింది. 19వ శతాబ్దం మధ్య నుంచి ప్రపంచం చూసిన అత్యంత తీవ్ర సంక్షోభాల్లో ఇదొకటి కావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. మాంసం ధర ఎంత భారమైందంటే 2020లో ఆ దేశ సైన్యం విధుల్లో ఉన్న సైనికుల భోజనంలోంచి మాంసాన్ని తీసేసింది. ఇలాంటి పరిస్థితిలో ‘బి జైత్’ కూరలు చాలా ఇళ్లలో ఇష్టంతో పాటు అవసరం కూడా అయ్యాయి.

అయితే ఈ కూరకు ఆధారమైన నూనే ఇప్పుడు చౌక కాదు. లెబనాన్ కుటుంబాలు ఏడాదికి సరిపడా నూనెను శరదృతువు కోతల తర్వాత పెద్ద డబ్బాల్లో కొని దాచుకుంటాయి. ఉత్తరాన కూరా, దక్షిణాన హస్బయా ప్రాంతాలు ఆలివ్ తోటలకు పేరున్నవి. 2023, 2024లో ఇజ్రాయెల్‌తో సాగిన యుద్ధకాలంలో దక్షిణాన సరిహద్దు గ్రామాల రైతులు ఎందరో కోతల వేళ తమ తోటల్లోకి వెళ్లలేకపోయారు. మరోవైపు ప్రపంచంలో అత్యధికంగా ఆలివ్ నూనె తీసే స్పెయిన్‌లో కరువు వల్ల 2022-23 దిగుబడి అంతకు ముందు ఏడాదిలో సగానికి పడిపోయింది. ఆ దెబ్బకు అంతర్జాతీయ ధరలు ఎగిశాయి, నూనెను దిగుమతి చేసుకునే మన దేశంలోనూ సీసా ధర పెరిగింది.

ఖర్చు భారమైనప్పుడు నూనెను కలపడం లెబనాన్‌లోనూ ఉంది. వంటకు సగం పొద్దుతిరుగుడు నూనె, సగం ఆలివ్ నూనె వాడతారు. మన దగ్గర అయితే వేరుశనగ నూనె చల్లారినా ద్రవంగానే ఉంటుంది కాబట్టి పనికొస్తుంది. నువ్వుల నూనె వాసన టమాటాను కప్పేస్తుంది. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే కొబ్బరి నూనె, చల్లారితే చిక్కబడే పామాయిల్ ఈ కూరకు సరిపడవు. కొద్దిగా మంచి ఆలివ్ నూనె మాత్రమే చేతిలో ఉంటే దాన్ని పొయ్యి మీద పెట్టే బదులు, ఇతర నూనెతో వండి చల్లారిన కూర మీద చివర్లో రెండు చెంచాలు పచ్చిగా పోయడం మేలు. సువాసన మొత్తం అప్పుడు రొట్టెకు అంటుతుంది.